గుర్రాలు వెళ్లిపోయాక

మొదటి దెబ్బకు స్టూలు కాలు విరగలేదు. ఆయన చేసిన వస్తువు మరి. ఆమె వంటింటి తలుపు దగ్గరగా వేసి, కాలిని గడపకు ఆనించి, సుత్తితో ఇంకోటి వేసింది. ఈసారి విరిగింది.

సుత్తిని డబ్బాల వెనక దాచి ముందుగదిలోకి వచ్చింది.

“ఏమండీ, స్టూలు కాలు విరిగింది.”

కిటికీ దగ్గర కూర్చున్న భర్త తల తిప్పలేదు. ఎలా విరిగిందని కూడా అడగలేదు.

“అక్కడ పెట్టు,” అన్నాడు.

మూడేళ్లు ఆ ఇంట్లో గుర్రాల పని జరిగింది. ఒక పెద్ద పార్కులో రంగులరాట్నానికి కర్ర గుర్రాలు. ఆయన చెక్కాడు, ఆమె రంగులు వేసింది. ఒక్కో గుర్రానికి ఒక్కో చూపు. ఆఖరి గుర్రాన్ని ఆమె తమ్ముడు తన వ్యానులో ఎక్కించుకుపోయాక ఇల్లు చప్పబడిపోయింది. జనం మెచ్చుకున్నారు. ఫోటోలు తీశారు. ఆ మాటలన్నీ పక్కింటివాళ్ల గురించి అన్నట్టు వినబడ్డాయి.

గుర్రాలు వెళ్లిన కొత్తలో ఆమె ఎక్కువగా పడుకునే ఉండేది. ఏళ్ల అలసట, తీరనివ్వండి అన్నారు అయినవాళ్లు. ఆ తర్వాత ఆయన కిటికీ దగ్గర చేరాడు. ఉలి ముట్టలేదు. గడ్డం గీయలేదు. టీ ఇస్తే చల్లారిపోయేది. అడిగితే, “ఏమీ తోచడం లేదు,” అనేవాడు. అప్పుడు పట్టుకుంది ఆమెకు భయం.

ఇప్పుడు ఇంకో పార్కువాళ్లు ఏనుగులు కావాలంటున్నారు. ఈ వారంలో మాట ఇవ్వకపోతే వేరేవాళ్లను చూసుకుంటారు. ఈ పని చేజారితే ఈయన మళ్లీ ఉలి పట్టడని ఆమె గుండె చెబుతోంది. పెద్ద పనంటే మొహం తిప్పుకుంటున్నాడు సరే. ఇంట్లో విరిగిన వస్తువును చూస్తూ మాత్రం ఊరుకోలేడు. అదీ ఆమె ఎత్తు.

మధ్యాహ్నానికి ఆయన లేచాడు. నిద్రలో నడుస్తున్నవాడిలా పనిగదిలోకి వెళ్లి, కొత్త కాలు బిగించి తెచ్చి, మళ్లీ కిటికీ దగ్గర కూర్చున్నాడు.

ఆమె స్టూలును తిప్పి చూసింది. మూడు కాళ్లు ముదురు గోధుమరంగు. నాలుగోది పాలలా తెల్లగా ఉంది.

“పాత చెక్క అంత ఉండగా ఇది దొరికిందా మీకు? కుంటివాడికి తెల్ల మేజోడు తొడిగినట్టుంది.”

ఆయన కుర్చీని కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

ఆయన చెక్కింది రంగు పడకుండా ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. తప్పదన్నట్టు ఆమె రంగుల డబ్బాలు దించింది. మూతలు బిగుసుకుపోయాయి. కుంచె పట్టుకుంటే వేళ్లు ఎవరివో అనిపించాయి. ఎరుపూ బూడిదే, పసుపూ బూడిదే. కళ్లకు ఏమైందో. తన సంగతికేం, ముందు ఈ మనిషి లేవాలి అనుకుని, ఎలాగో పూసి ముగించింది.

మర్నాడు సొరుగు పిడి ఊడింది. ఆ మర్నాడు అద్దం చట్రం విరిగింది. ఆయన ఏదీ అడగకుండా బాగుచేశాడు. పిడి మీద ఒక ఆకు చెక్కి వదిలేశాడు. చట్రం మూల ఒక పిట్ట. ఆకుకు పచ్చ కుదరక ఆమె ఒక పూటంతా కలిపింది. పిట్ట రెక్క దగ్గరకొచ్చేసరికి పొయ్యి మీద కూర మాడింది.

వారం చివర తమ్ముడు వచ్చాడు. స్టూలు మీద కూర్చోబోయి, దాని కొత్త కాలు చూసి ఆగాడు. సొరుగు చూశాడు. అద్దం చూశాడు.

“ఏంటక్కా, ఏనుగుల్ని అప్పుడే ఇంట్లో తిప్పుతున్నారా?”

ఆమె అతన్ని వంటింట్లోకి లాగి, డబ్బాల వెనక సుత్తి చూపించింది.

“నేనేరా. లేకపోతే ఆయన కుర్చీలోంచి కదలడు.”

“సరిపోయింది! అయితే ఏనుగుల మాట ఏం చెప్పను? సాయంత్రానికల్లా చెప్పాలి.”

ఆమె ముందుగది వైపు చూసింది. కిటికీలో అదే వీపు, అదే మాసిన చొక్కా.

“ఒప్పుకున్నామని చెప్పెయ్,” అంది. “ముందు నేను రంగులు తయారుచేసి పెడతా. ఎదురుగా పెట్టుకుని ఎన్నాళ్లు కూర్చుంటారో నేనూ చూస్తా.”

“ఏనుగుకు రంగులేంటే? బూడిదరంగేగా!”

“నీ మొహం. ఆ బూడిదలో నీలం ఉంటుంది. చెవి అంచున గులాబీ ఉంటుంది. చూసే కళ్లుండాలి.”

కొంగు బిగించి పనిగదిలోకి వెళ్లింది. డబ్బాలు జరిపిన చప్పుడు వచ్చింది. తర్వాత సన్నగా కూనిరాగం.

తమ్ముడికి ఒళ్లు మండింది. తిన్నగా వెళ్లి కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు.

“బావా, నీకిది ఏమైనా బాగుందా? నిన్ను లేపడానికి అక్క కొంప పగలగొట్టుకుంటోంది. నువ్వేమో గోడకంటుకున్న బల్లిలా ఇలా కూర్చుంటావు. లేచి ఒక్క చెక్కముక్క చెయ్యలేవా?”

బావ పనిగది తలుపు వైపు చూశాడు. కూనిరాగం ఆగలేదని చెవొగ్గి రూఢి చేసుకున్నాడు. అప్పుడు బావమరిది చొక్కా పట్టుకుని దగ్గరకు వంచాడు.

“మెల్లగా మాట్లాడరా, నేనిలా కూలబడినట్టు నటిస్తేగానీ గోడవైపు తిరిగి పడుకున్న మీ అక్క మంచం దిగలేదు.”