సాక్సులో సర్వరు

సాయంత్రపు అసర్ నమాజుకు ఆఫీసు ఖాళీ కాగానే బాబావలి సర్వరు గదిలోకి దూరి, సర్వరు వెనక గుచ్చి ఉన్న గోరంత పెన్‌డ్రైవ్‌ను లాగి సాక్సులో దాచేశాడు. అచ్చం అలాంటిదే, ఎప్పుడో చచ్చిపోయిన ఇంకో పెన్‌డ్రైవ్‌ను దాని చోట్లో గుచ్చాడు. స్విచ్చి ఆపి మళ్ళీ వేశాడు. సర్వరు ఒకసారి మూలిగింది, మరి లేవలేదు.

తనూ నమాజుకు పరుగెత్తాడు. కుళాయి ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది, నమాజుకు ముందు చేసే వజూలో కాళ్ళు కూడా కడగాలని. పక్కవాడు ముఖం కడుక్కునే సందు చూసి పెన్‌డ్రైవ్‌ను జేబులోకి మార్చి, నమాజయ్యాక మళ్ళీ సాక్సులోకి చేర్చాడు. మొదటి దొంగతనం కదా, అన్నీ తెలియవు.

ఆ పెన్‌డ్రైవ్ లేనిదే సర్వరు లేవదు. సర్వరు సాఫ్ట్‌వేర్ లైసెన్సు కూడా దానికే కట్టేసి ఉంటుంది, ఇంకోటి పెడితే ఒప్పుకోదు. సర్వరు లేవకపోతే సౌదీలో అల్ ఖోబర్‌లోని ఈ పంపుల కంపెనీలో బిల్లు రాదు. బిల్లు రాకపోతే, ఉన్న ఒక్క కంప్యూటర్ మనిషి బాబావలిని నెల రోజులు ఎక్కడో ఉత్తరాన ఉన్న హాయిల్ బ్రాంచికి పంపరు. బాబావలికి కావలసింది ఆ చివరి ముక్కే.

కొత్త పెళ్ళాం నౌషీన్ కడప నుంచి వచ్చి నెల కూడా తిరగలేదు. ఒకే గ్లాసులో లబన్ మజ్జిగ తాగడం, లిఫ్టులో ఎవరూ లేకపోతే చేయి పట్టుకోవడం, సముద్రం ఒడ్డున ఒకే ఐస్‌క్రీము కొని కొట్లాడుకోవడం ఇప్పుడిప్పుడే మొదలయ్యాయి. ఇవన్నీ వదిలేసి గోధుమ పొలాల మధ్య చలిలో వణకాలా?

మేనేజర్ అల్లాబకాష్ సర్వరు ముందు నిలబడి తల గోక్కున్నాడు.

"ఏమప్పా, కువైట్ యుద్ధంలో నెత్తిన స్కడ్ మిసైళ్ళు పోతాంటే గూడా ఈ ఆఫీసులో బిల్లు ఆగలేదు. ఇప్పుడు గోరంత పుల్లకు ఆగిందా?"

"డ్రైవ్ సచ్చిపోయింది సార్. లైసెన్సు కొత్తదానికి మార్పియ్యల్ల. అమెరికా కంపెనీకి రాయల్ల, వాళ్ళు జవాబియ్యల్ల. నెల పట్టినా పట్టొచ్చు."

"నెలా? మరి హాయిల్?"

"నేను కదిలితే ఎట్ల సార్" అంటూ బాబావలి తల వంచుకున్నాడు. నవ్వు దాచుకోవడానికి అదొక్కటే దారి.

అల్లాబకాష్ మొహం వాడిపోయింది. "ఇప్పుడెట్ల చెప్పేది" అని గొణుక్కుంటూ ఫోను తీసుకుని బయటికి పోయాడు.

ఇంట్లో నౌషీన్ ఖబూస్ రొట్టెలు వేడిచేసి పెట్టింది. హాయిల్ మాట మొదట చెప్పిన రోజు ఆమె ఏడుస్తుందనుకుంటే, "ఆడ చలి బాగుంటాదంట కదా" అని నవ్వింది. అప్పట్నుంచీ అతని మనసు ఒకటే పీకుతోంది. ఆమె ఏదో కవరు మంచం కిందికి తోసేస్తోంది. అతను గదిలోకి రాగానే ఫోను పెట్టేస్తోంది. అప్పుడే మొహం మొత్తిందా ఏమిటి?

ప్రయాణం ఆగిపోయిందని చెబితే ఆమె మొహం కూడా వాడిపోయింది.

"ఆ సచ్చిపోయినదాన్ని బతికించే దారే లేదా?"

బీయస్సీ కంప్యూటర్స్ చదివిన పెళ్ళాం అడిగితే ఏ మొగుడు ఊరుకుంటాడు? "దారి లేకేం. కొత్త పెన్‌డ్రైవ్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించి, మన లాప్‌టాప్‌లో ఉండే లైసెన్సు ఫైలు దాంట్లో పెట్టి, సర్వరుకు గుచ్చి మార్చమని నొక్కితే, నా మెయిలుకు కొత్త లైసెన్సు వస్తాది. అంతే."

"అంతేనా? మరి నెలెందుకు?"

"అట్ల ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు. రెండోసారైతే వాళ్ళకు రాసుకోని కూర్చోవల్ల."

"ఇది ఎన్నోసారి?"

"మొదటిసారే" అని నోరు జారి, ఖబూస్ ముక్క నోట్లో కుక్కుకున్నాడు.

రాత్రి ఇషా నమాజుకు పోయి వచ్చేసరికి ఆఫీసు డ్రైవర్ బాషా కారు వాళ్ళ సందులోంచి బయటికి పోతోంది. ఇంట్లో లాప్‌టాప్ వెచ్చగా ఉంది. "సీరియల్ చూసినా" అంది నౌషీన్.

పొద్దున ఆఫీసుకు పోతే సర్వరు హాయిగా నడుస్తోంది. వెనక కొత్త పెన్‌డ్రైవ్ మెరుస్తోంది.

"మంచి కంప్యూటర్ వాళ్ళు దొరికినార్లే" అని అల్లాబకాష్ మురిసిపోయాడు. "లైసెన్సు గూడా మారిపోయింది. ఇంక నువ్వు నిశ్చింతగా హాయిల్‌కు పోవచ్చు."

బాబావలి వంగి సాక్సు తడుముకున్నాడు. పక్క ఊరు దమ్మాంలో ఎవడో మలయాళీ టెక్నీషియన్ తన కాపురంలో నిప్పులు పోశాడు. లైసెన్సు మారిపోయింది కాబట్టి సాక్సులో ఉన్నది ఇప్పుడు ఉత్త పుల్ల. ఏడాదికి ఒక్కసారే ఇచ్చే ఆ మార్పు కూడా అయిపోయింది.

అయిపోయిందంటే? అతని మొహం మెల్లగా విప్పారింది.

మధ్యాహ్నం జుహర్ నమాజుకు అందరూ లేవగానే సర్వరు గదిలోకి పోయి, కుర్చీని సర్వరు వెనక వైపుకు గట్టిగా తోశాడు. కొత్త పెన్‌డ్రైవ్ కటుక్కున విరిగింది. ఈసారి అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు.

"కుర్చీ తగిలింది సార్. ఇప్పుడు నిజంగానే అమెరికాకు రాసి కూర్చోవల్ల."

అల్లాబకాష్ రెండు ముక్కలనూ అరచేతిలో పెట్టుకుని అతుక్కుంటాయేమోనని ఆనించి చూశాడు. "సరే, ఏం చేస్తాం. లైసెన్సు వచ్చేదాకా నువ్వు ఖోబర్ దాటద్దు. సర్వరు పక్కనే ఉండు."

బాబావలి కళ్ళ ముందు సముద్రం, ఒకే ఐస్‌క్రీము, రెండు నాలుకలు కదిలాయి. అల్లాబకాష్ నిట్టూర్చి ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"అమ్మా నౌషీన్, నిన్న నువ్వు చేసి పంపించిన పెన్‌డ్రైవ్ విరిగిపోయింది, మీ ఆయన ఇంక కదల్లేడు. నువ్వు ఆయనకు చెప్పొద్దంటివని దాచిపెట్టిన మీ ఇద్దరి టికెట్లలో ఆయనది మా ఇంటామె మహబూబ్బీ పేరుకు మార్పిచ్చేస్తా, మీ ఆడోళ్ళిద్దరూ హాయిల్‌కు పోయి నెల రోజులు ఆ చలి చూసి రాండి."