పదిహేడో నంబరు

మూడో రోజుకల్లా ల్యాబు డెమాన్‌స్ట్రేటర్‌కి దొంగ ఎవరో తెలిసిపోయింది. ఇక సాక్ష్యంతో పట్టుకోవడమే తరువాయి.

యూనివర్సిటీ కెమిస్ట్రీ శాఖ నడిపే వేసవి శిబిరం అది. ఆ శాఖలో చదువుకి చేరాలనుకునే ముప్పైమంది వారంపాటు ల్యాబులో ప్రయోగాలు చేస్తారు. చివరిరోజు పరీక్షలో ముందు నిలిచిన పదిమందికి నేరుగా సీటు. డెమాన్‌స్ట్రేటర్ కంటినుంచి ఏదీ తప్పించుకోదని శిబిరంవాళ్ళు ఆయనకి 'డేగ' అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పైకి చిరాకు నటిస్తూ లోలోపల మురిసిపోయేవాడు.

"తోడొచ్చినవాళ్ళు వరండా దాటి లోపలికి రాకూడదు. కోటు వేసుకున్నవాళ్ళు నంబరు పిలిస్తే పలకాలి. నాకు ఎదురు చెప్తే పేరు కొట్టేస్తా!" అని మొదటిరోజే గీత గీసేశాడు.

డేగ అనుమానమల్లా పదిహేడో నంబరు అమ్మాయి మీద. పిప్పెట్ ఎటు పట్టుకోవాలో కూడా ఆ పిల్లకి తెలియదు. ప్రశ్న అడిగితే తెల్లమొహం వేస్తుంది. మరి ఫలితాలో? శిబిరం మొత్తంలో అంత కచ్చితంగా ఇంకెవరికీ రావడం లేదు. బ్యూరెట్‌లోంచి చుక్కచుక్కగా ద్రావణం వదిలి, కింద ఫ్లాస్కులో రంగు మారిన తొలి చుక్క దగ్గర ఆపేయాలి. చెయ్యి తిరిగినవాళ్ళకే అది ఒక పట్టాన కుదరదు. ఈ అమ్మాయికి మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఒకటే రీడింగు!

గుట్టు కిటికీ దగ్గర దొరికింది. ఆ అమ్మాయి బల్ల వరండా కిటికీ పక్కనే. అవతల బెంచీ మీద వాళ్ళ అమ్మమ్మ, ఒళ్ళో లావుపాటి కెమిస్ట్రీ పుస్తకం. అమ్మమ్మ ముక్కు గోక్కుంటే మనవరాలు ఒక చుక్క వదులుతోంది. అమ్మమ్మ కళ్ళజోడు తీస్తే ఠక్కున ఆపేస్తోంది.

'మనవరాలి సీటు కోసం ఈ వయసులో పుస్తకం బట్టీ పట్టిందన్నమాట! ఎంతకు తెగించింది!' అనుకున్నాడు డేగ.

చివరిరోజు పరీక్ష మొదలైన ఐదు నిమిషాలకి తీరిగ్గా నడిచివెళ్ళి ఆ కిటికీ తెర లాగేశాడు. అమ్మాయి చెయ్యి ఎక్కడిదక్కడే ఆగిపోయింది. తెరవైపు చూసింది, డేగవైపు చూసింది. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని బ్యూరెట్ మర తిప్పేసింది. లేతగులాబీ దగ్గర ఆగవలసిన ఫ్లాస్కు ముదురు గులాబీ అయి కూర్చుంది.

డేగ సంతోషం పట్టలేకపోయాడు. ఇద్దరినీ వెంటబెట్టుకుని శాఖ పెద్ద మేడమ్ గదికి తీసుకెళ్ళాడు.

"రెడ్ హ్యాండెడ్‌గా దొరికారు మేడమ్! లోపల మనవరాలు, బయట అమ్మమ్మ. వారం రోజుల్నించి అంతా సైగల మీదే నడిపిస్తున్నారు."

మేడమ్ పెద్దావిడ వైపు తిరిగింది. "నిజమేనా అమ్మా?"

"నిజమేనమ్మా. ముప్పై ఏళ్ళు బట్టలకి రంగులద్దాను. రంగు ఎక్కడ తిరుగుతుందో ఆమడ దూరం నుంచైనా చెప్పేస్తాను. దీనికి మాత్రం ఒక్క ముక్క రాదు." ఆవిడ చేతులు జోడించింది. "కానీ ఆ సీటు పోగొట్టకండమ్మా. దానికోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నానో నాకే తెలుసు."

"చూశారా మేడమ్? చేసింది ఒప్పుకుంటూనే సీటు కూడా కావాలంటోంది!" అన్నాడు డేగ.

మేడమ్‌కి అమ్మాయిని చూస్తే జాలేసింది. "ఏమ్మా, ఇష్టంలేని చదువుకి ఎందుకొచ్చావు? ఇంట్లోవాళ్ళ బలవంతమా?"

అమ్మాయి డేగవైపు భయంభయంగా ఓ చూపు చూసి, వారం తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"నేను చదివేది కామర్స్ మేడమ్. ఇక్కడ సీటుకి దరఖాస్తు పెట్టింది అమ్మమ్మ. మొదటిరోజు సార్ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, కోటు నాకు తొడిగి, అమ్మమ్మని బెంచీ మీద కూర్చోబెట్టేశారు!"