పోచమ్మ చెప్పిన బంద్

“సారూ, బంద్ అయింది.”

ఫోన్లో ఆ మాట వినగానే కిరణ్ పాల్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అతనున్నది హైటెక్ సిటీలో ఒక ఆఫీసు నాలుగో అంతస్తు. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులు. ఏ రోజు బంద్, ఏ రోజు కాదు అన్నది గుర్తుపెట్టుకోవడం అందరూ మానేశారు. ఫోన్ చేసిన పోచమ్మ, మణికొండలో అతని ఫ్లాట్‌లో మూడేళ్ళ పాపను చూసుకునే ఆవిడ.

“ఎప్పటి నుంచి?”

“గిప్పుడే సార్. పావుగంటైతుంది.”

“మీరు లోపలే ఉన్నారు కదా?”

“లోపల్నే ఉన్న సార్.”

“పాప?”

“మంచిగనే ఆడుకుంటున్నది, సప్పుడు ఇనొస్తున్నది. పక్కింటోళ్ళను పిలవాల్నా సార్?”

“వద్దు వద్దు. ఇలాంటప్పుడు జనాన్ని పోగేస్తే లేనిపోని గొడవ. ఎవరొచ్చినా తలుపు తియ్యకండి.”

“నేనెట్ల తీస్త సార్. జర జల్ది రాండ్రి. ఫోన్ల చార్జింగ్ సుత లేదు...”

లైన్ తెగిపోయింది.

కిరణ్ పాల్ ఆఫీసు భద్రతా కమిటీలో సభ్యుడు. గుంటూరు నుంచి వచ్చి ఎనిమిదేళ్ళయినా, హైదరాబాద్ సంగతి ఒక్కటైనా అందరికంటే ముందు అతనికి తెలిసిన పాపాన పోలేదు. ఇన్నాళ్ళకు అదృష్టం కలిసొచ్చింది. గబగబా మేనేజర్ స్రవంతి గదిలోకి వెళ్ళాడు.

“బంద్ మొదలైంది మేడమ్.”

“టీవీలో ఏం రాలేదే?”

“టీవీ వాళ్ళకు తెలిసేసరికి మనం రోడ్డు మీద ఇరుక్కుంటాం. నాకు లోకల్ మనిషి చెప్పింది. ప్రత్యక్షసాక్షి.”

ప్రత్యక్షసాక్షి అన్న మాట బాగా పనిచేసింది. పది నిమిషాల్లో అందరికీ మెయిల్ వెళ్ళింది. అరగంటలో నాలుగొందల మంది మెట్లు దిగారు. వాళ్ళను చూసి ఎదురు బిల్డింగ్ వాళ్ళు, వాళ్ళను చూసి వెనక బిల్డింగ్ వాళ్ళు దిగారు. ఆ మధ్యాహ్నం కిరణ్ పాల్ ఇవ్వాల్సిన ప్రసంగం, ‘ఇంట్లో, కారులో చిన్నపిల్లల భద్రత’, రద్దయింది. దానికోసం నలభై రెండు స్లైడ్లు తయారు చేసుకున్నాడు. రద్దయినందుకు విచారించింది అతనొక్కడే.

ఆ విషయంలో అతను ఉత్త మాటల మనిషి కాదు. ఇంట్లో ప్రతి ప్లగ్గుకూ ప్లాస్టిక్ మూత పెట్టాడు. బల్లల మూలలకు స్పాంజి అంటించాడు. పాప నీళ్ళ బకెట్ దగ్గరికి పోకుండా బాత్రూమ్ తలుపుకు బయట గడియ స్వయంగా బిగించాడు. పైన స్క్రూ దిగక మొండికేస్తే నడుము ఎత్తులో సర్దుకున్నాడు. భార్య ప్రశాంతి చూసి ఏదో అనబోయింది గానీ, డ్రిల్లు ఇంకా అతని చేతిలోనే ఉండడంతో ఊరుకుంది. కారు వెనక తలుపులకు చైల్డ్ లాక్ ఎప్పుడూ వేసే ఉంచుతాడు. అందుకే వెనక సీట్లో కూర్చున్నప్పుడల్లా డ్రైవర్ ఎల్లయ్య వచ్చి తలుపు తీసేదాకా తనే చంటిపిల్లాడిలా ఎదురుచూడాలి.

కారు కదిలాక పోచమ్మకు ఫోన్ చేశాడు. స్విచ్చాఫ్. మళ్ళీ చేశాడు, అదే జవాబు. నలభై రెండు స్లైడ్లలో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

“ఇయ్యాల బంద్ ఎవరు పిలిచిండ్రు సార్?” అన్నాడు ఎల్లయ్య. నల్లగొండ జిల్లా మనిషి. ధర్నా ఎక్కడున్నా సెలవు పెట్టి మరీ వెళతాడు.

“నన్నడుగుతావేంటి? మీ వాళ్ళే కదా పిలిచేది.”

“మాకు ఎర్క లేకుంట బంద్ ఎట్లైతది? గా చాయ్ దుకాణం తెరిచే ఉన్నది. అండ్ల మావోళ్ళే కూసున్నరు.”

“వాళ్ళకింకా తెలీదేమో.”

ఎల్లయ్య అద్దంలోంచి అతన్ని ఒకసారి చూసి గేరు మార్చాడు.

రాయదుర్గం చేరేసరికి ఆఫీసుల జనమంతా రోడ్డు మీదే ఉన్నారు. కార్లు కదలడం లేదు. ఈ హడావిడి చూసి దుకాణాల వాళ్ళు బెదిరిపోయి షట్టర్లు దించేస్తున్నారు. చివరికి రేడియోలో కూడా చెప్పారు, ఐటీ కారిడార్‌లో ఆకస్మిక బంద్ అని.

“విన్నావా?” అన్నాడు కిరణ్ పాల్.

“ఇన్న సార్. మరి నాకెందుకు చెప్పలేదో.” ఎల్లయ్య నిజంగానే నొచ్చుకున్నాడు.

ఇల్లు చేరడానికి గంటన్నర పట్టింది. దారి పొడవునా కిరణ్ పాల్ ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. కళ్ళు మూస్తే రాళ్ళు, మంటలు, వాటి మధ్య ఏడుస్తూ పాప. అపార్ట్‌మెంట్ ముందు కారు ఆగగానే దూకబోయాడు. తలుపు తెరుచుకోలేదు. ఎల్లయ్య చుట్టూ తిరిగొచ్చి తీశాడు.

“బయట్నుంచే తియ్యాలె గద సార్,” అన్నాడు తాపీగా.

మూడో అంతస్తుకు పరుగెత్తి, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి లోపలికి వెళ్ళాడు.

పాప హాల్లో నేల మీద కూర్చుని ఉంది. ప్లగ్గుల మూతలన్నీ పీకి వరసగా పేర్చి, బల్లల మూలల నుంచి ఊడదీసిన స్పాంజి ముక్కలు వాటికి అన్నంలా తినిపిస్తోంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. కిరణ్ పాల్‌కు ఏడుపొచ్చింది. పాపను ఎత్తుకుని, బుగ్గలు ముద్దాడి, దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు. ఆ తర్వాత చుట్టూ చూశాడు. పోచమ్మ లేదు. అప్పుడొచ్చింది కోపం.

“పోచమ్మా! ఇంత బంద్ జరుగుతుంటే పాపనొక్కదాన్నే వదిలేసి ఎక్కడికెళ్ళారు?”

నూతిలోంచి వచ్చినట్టు నీరసంగా జవాబు వినిపించింది.

“చెప్పిన గద సారూ, బాత్రూం తలుపు బంద్ అయిందని.”