కరకట్ట లోపలి గొర్రెలు

"ఏటి పక్కన మేస్తున్న గొర్రెలు ఎవరివి?"

కాఫీ దుకాణం గుమ్మంలో నిలబడి అడిగాడు ఆ మనిషి.

అరవై దాటి ఉంటాయి. ముతక కోటు, మాసిన గడ్డం. బయట ఆపిన పాత కారుకి బల్గేరియా నంబరుంది. వచ్చీరాని గ్రీకులో మాట్లాడుతున్నాడు.

"నావే" అన్నాడు పాస్కాలిస్, పాచికలు వేస్తూ.

"తీసెయ్యండి. రేపు పొద్దున్నకల్లా నీళ్లొస్తాయి."

ఆట ఆగింది. కిటికీలోంచి ఫిబ్రవరి ఎండ బల్లల మీద పడుతోంది. వాన వెలిసి రెండు రోజులైంది.

బల్గేరియా నుంచి గ్రీసులోకి పారే ఎవ్రోస్ నదికీ కరకట్టకీ మధ్య పచ్చికలో ఉంది పాస్కాలిస్ దొడ్డి. నూట ముప్పై గొర్రెలు. నలభై దాకా ఈ వారమే ఈనాయి. ఎగువన బల్గేరియాలో డ్యాముల గేట్లెత్తితే ఆ పచ్చిక మునుగుతుందని ఊళ్లో అందరికీ తెలుసు. కానీ ముందు కబురొస్తుంది. సర్దుకోడానికి రెండు రోజుల వ్యవధి ఉంటుంది.

దుకాణం నడిపే స్టెర్గియోస్ వరదల ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"కబురేమీ లేదంట."

"వస్తుంది" అన్నాడు కొత్తమనిషి. "ఒక ఆఫీసు, ఇంకో ఆఫీసు, సంతకాలు, తర్జుమా. కాయితం గురువారం వస్తుంది. నీళ్లు రేపే వస్తాయి."

"నీకెలా తెలుసయ్యా? ఏరు నీకేమన్నా ఫోన్ చేసిందా?" అన్నాడు స్టెర్గియోస్.

అందరూ నవ్వారు.

ఆ మనిషి ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. తల దించుకున్నాడు.

"తెలుసు" అన్నాడు చివరికి. "అంతే."

పోయినేడు ఇలాగే ఒకడొచ్చి, వరదొస్తుందని బెదరగొట్టి, పక్కూరి మందని సగం ధరకి కొనుక్కుపోయాడు. ఆ వరద రానేలేదు. అది గుర్తొచ్చి పాస్కాలిస్‌కి ఒళ్లు మండింది.

"అమ్మేదేం లేదు పెద్దాయనా. వచ్చిన దారినే వెళ్లు" అన్నాడు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటుండగా భార్య ఎవాంథియా పరుగున వచ్చింది.

"ఎవరో మన దొడ్డి తలుపు తీశాడు. మందని కట్టెక్కిస్తున్నాడు."

పాస్కాలిస్ కర్ర తీసుకుని పరిగెత్తాడు.

అప్పటికే యాభై గొర్రెలు కట్ట మీదున్నాయి. ఆ బల్గేరియా మనిషి చంకలో ఒకటి, భుజం మీద ఒకటి గొర్రెపిల్లల్ని వేసుకుని, రొప్పుతూ ఎక్కుతున్నాడు. మోకాళ్ల దాకా బురద.

"పట్టపగలే దొంగతనమా!"

కర్ర అతని వీపు మీద పడింది. అతను పడిపోయాడు. పిల్లల్ని మాత్రం వదల్లేదు.

"కొట్టు. ఇంకా కొట్టు. కానీ వీటిని దించకు" అన్నాడు.

పోలీసులొచ్చి అతన్ని జీపెక్కించారు. ఎక్కేటప్పుడు కూడా వెనక్కి తిరిగి ఏటికేసి చూశాడు, మందకేసి చూశాడు.

ఎవాంథియా మెల్లగా అంది. "ఎలాగూ ఎక్కాయి కదయ్యా. ఈ పూటకి పైనే ఉండనీ."

"మూడ్రోజుల పిల్లల్ని ఈ ఉత్తరపు గాలికి చంపుకోమంటావా?"

పాస్కాలిస్ యాభై గొర్రెల్నీ ఒక్కొక్కటిగా కిందకి తోలి, దొడ్డిలో పెట్టి, తలుపుకి కొత్త తాళం వేశాడు.

తెల్లారి ఏడింటికి ఏరు వచ్చేసింది.

చప్పుడు లేదు. పచ్చిక మీద గోధుమరంగు నీళ్లు దుప్పటి పరిచినట్టు వచ్చాయి. పాస్కాలిస్ కట్ట దిగేసరికి నడుము లోతు. దొడ్డి ఇంకా రెండొందల అడుగుల దూరం. తాళంచెవి చేతిలోనే ఉంది. స్టెర్గియోస్, ఇంకో ఇద్దరు అతని నడుం పట్టుకుని వెనక్కి లాగారు.

ఊరంతా కట్ట మీద నిలబడింది. ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. అరుపులు కాసేపు వినిపించాయి. తర్వాత వినిపించలేదు.

పాస్కాలిస్ తడిబట్టలతోనే టౌనులో పోలీస్ స్టేషన్‌కి వెళ్లేసరికి పదకొండు దాటింది.

"నిన్నటి మనిషేడీ? కేసు వద్దు. ఆయన్ని ఒక్కసారి చూడాలి."

"ఇప్పుడే వాళ్ల దేశం పోలీసులొచ్చి తీసుకుపోయారు" అన్నాడు కానిస్టేబుల్. "చేతికి బేడీలు కూడా వేశారు."

"ఆయనేం చేశాడని?"

"మాకూ ఇందాకే తెలిసింది. సాయంత్రమంతా ఏదో చెప్తూనే ఉన్నాడు, మాకు అర్థమైతేగా. వాళ్ల భాష తెలిసినాయన పొద్దున తొమ్మిదింటికి గానీ రాలేదు."

"నీకెలా తెలుసని మేం గ్రీకులోనే అడిగాం. చెప్పలేదు."

"మీ మొహాలు చూసి చెప్పలేకపోయాడంట."

గ్రీకులోకి తర్జుమా అయిన వాంగ్మూలం కాయితాన్ని కానిస్టేబుల్ అతని ముందుకి జరిపాడు. కింద రుమెన్ అని వంకరటింకర సంతకం. పైన నాలుగే వాక్యాలు. తడిచేతులు కోటుకి తుడుచుకుని పాస్కాలిస్ చదివాడు.

"డ్యామ్ నిండిపోయింది. గేట్లెత్తకపోతే డ్యామే తెగి వేలమంది పోతారు. కింద వాళ్లకి చెప్పే ఎత్తుదామన్నాను, అది నీ పని కాదన్నారు. నిన్న మంగళవారం తెల్లవారుజామున ఆ గేట్లు ఎత్తింది నేనే, అందుకే డ్యూటీ వదిలేసి నీళ్లకంటే ముందు ఇక్కడికి చేరాలని బయల్దేరాను."