మువ్వల చప్పుడు

మువ్వలు మోగుతున్నంతసేపూ సంపూర్ణమ్మ తల ఎత్తదు.

పాలకొల్లు కాలవగట్టున తాటాకిల్లు. గట్టు మీద చాలామందిలాగే వీళ్లూ ఆ ఏడే వచ్చారు. భర్త ఆశీర్వాదం పడవ మీద పోయాడంటే వారానికిగాని రాడు. ఇంట్లో నాలుగేళ్ల పాపాయి, ఏడాది నిండని చిట్టియ్య. చేతిలో మిషను దొరసానిగారి లేసు పని. శనివారం పొద్దుటికల్లా అప్పజెప్పకపోతే ఆ పని ఇంకొకరి చేతికి పోతుంది.

లేసు అల్లేటప్పుడు కుట్లు లెక్కపెట్టుకోవాలి. లెక్క తప్పిందా, వరసంతా ఊడదియ్యాలి. అమ్మ లెక్క మొదలుపెట్టిందో లేదో, పిల్లలకు ఆకలి, ఏడుపు, దెబ్బలాట అన్నీ ఒక్కసారే ముంచుకొస్తాయి.

అందుకే పని నేర్పి, శనివారం లేసు పోగుచేసే రూతు పంతులమ్మగారు ఓ ఉపాయం చెప్పారు.

"చంటాడి కాళ్లకి మువ్వలు కట్టమ్మా. కళ్లు లేసు మీద పెట్టు, చెవులు వాడి మీద పెట్టు."

ఆ వారం మాత్రం కళ్లు లేసు మీద నిలవడం లేదు.

పెరటి వెనక రేవులో ఎవరో ముసలమ్మ వచ్చి కూర్చుంటోంది. సంపూర్ణమ్మ పెరటి అరుగు మీద సూది పట్టుకునే వేళకు వస్తుంది, పక్కన పెట్టేదాకా కదలదు. చూపంతా చిట్టియ్య మీదే.

పక్కింటి వీరవేణి ఊరుకుంటుందా!

"రాజమండ్రిలో గోదారి మీద రైలు వంతెన కడతన్నారు కదా, స్తంభాలు నిలవట్లేదంట. పసిపిల్లల్ని బలిస్తేగాని నిలవవంట. ఎత్తుకుపోయేవాళ్లు ఊళ్లమ్మట తిరుగుతున్నారంటమ్మా!"

"ఊరుకో వీరవేణీ, నాకసలే గుండెదడ."

"ముందు తానం చేయించి, అప్పుడు తీసుకుపోతారంట."

సంపూర్ణమ్మకు ఆ పూట అన్నం సయించలేదు. గురువారం ధైర్యం చేసి, పిల్లాణ్ణి చంకనేసుకుని రేవులోకి దిగింది.

"ఏ ఊరమ్మా మీది?"

"రాజమండ్రి నుంచి వచ్చాను తల్లీ."

సంపూర్ణమ్మ ఓ మెట్టు వెనక్కి ఎక్కింది.

"ఇక్కడేంటి పని?"

"పనేం లేదు. నీ పని నువ్వు చేసుకో. నేనిలా కూర్చుంటాను."

"కూర్చోవద్దు. వెళ్లిపోండి."

ముసలమ్మ కోప్పడలేదు, లేవనూ లేదు. ఇంకో రెండు మెట్లు కిందికి జరిగి, నీళ్లంచున కూర్చుంది.

శుక్రవారానికి అంచు పూల వరస ఒక్కటే మిగిలింది. ఆ ముసలిదాని కంటపడకుండా ఉంటే చాలనుకుంది సంపూర్ణమ్మ. పెరటి తడిక మూసి కట్టేసింది. పిల్లల్ని లోపల కూర్చోబెట్టి, తను వీధి అరుగు మీదికి మారింది.

నలభై ఒకటి, నలభై రెండు...

లోపల మువ్వలు గలగలమంటూనే ఉన్నాయి. ఆ చప్పుడుకు ప్రాణం కుదుటపడి చెయ్యి చకచకా సాగింది. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది...

"సంపూర్ణా! నీ కొడుకే!"

వీరవేణి కేక. పెరటివైపు నుంచి!

సూది ఎక్కడ పడిందో తెలియదు. ఇల్లు చుట్టి పరుగెత్తింది. రేవు మెట్ల మీద ముసలమ్మ. ఆమె చంకలో చిట్టియ్య. ఇద్దరూ నిలువునా తడిసి ఉన్నారు.

"తానం చేయించేసిందర్రోయ్!" వీరవేణి గుండెలు బాదుకుంది.

సంపూర్ణమ్మ కొడుకును లాక్కుని గుండెకు అదుముకుంది. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. గట్టంతా జనం పోగయ్యారు. ఎవరో ముసలమ్మ జుట్టు పట్టుకున్నారు, ఎవరో చెయ్యి చేసుకున్నారు. ఆమె దగ్గుతూనే ఏదో చెప్పబోయింది.

"మువ్వలు... వాడి కాళ్లకి మువ్వలు లేవమ్మా..."

"అవి కూడా కాజేశావటే దొంగముండా!"

దిగువకు పోతున్న పడవను ఆపి, ఆమెను అందులోకి తోశారు. మళ్లీ ఈ గట్టున కనిపిస్తే ప్రాణాలు దక్కవన్నారు. ముసలమ్మ అటు తిరిగి కూర్చోలేదు. పడవ మలుపు తిరిగేదాకా చిట్టియ్యనే చూస్తూ పోయింది.

సంపూర్ణమ్మ కొడుకుతో ఇంట్లో అడుగుపెట్టింది.

లోపల మువ్వలు ఇంకా మోగుతున్నాయి.

పాపాయి తన గుడ్డబొమ్మ కాళ్లకు వాటిని కట్టి గంతులేయిస్తోంది.

"తమ్ముడికి ఒరుసుకుని ఏడుస్తున్నాడని నేనే ఊడదీశానమ్మా."

సంపూర్ణమ్మ పెరటివైపు చూసింది. తడిక కింద కుక్క దూరేంత సందు. అక్కణ్ణించి రేవు దాకా మట్టిలో పసివాడు పాకిన జాడ. ఒక్కడే పాకిన జాడ. పక్కన ఎవరి అడుగులూ లేవు.



శనివారం లేసు తీసుకెళ్లి ఇచ్చి, జరిగిందంతా ఏడుస్తూ చెప్పింది. రూతు పంతులమ్మగారు లేసు విప్పి చూడలేదు.

"ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉందా ఆవిడకి?"

"ఉందండి."

"ఏ పడవ ఎక్కించారు?"

"తెలియదండి. దిగువకి పోయింది. ఎవరండీ ఆవిడ?"

పంతులమ్మగారు లేసు పక్కన పెట్టారు.

"ఏటా ఈ వారంలో వస్తుంది. ఇప్పుడా గట్టున పాతవాళ్లెవరూ లేరు, ఆవిణ్ణి ఎరిగినవాళ్లు లేరు. మువ్వల ఉపాయం నాది కాదమ్మా, ఆవిడ చెప్పిందే. పాతికేళ్ల కిందట నువ్వున్న చోటే ఉండి లేసు అల్లేది. ఓ రోజు అరవై కుట్లు లెక్కపెట్టుకుని తలెత్తేసరికి, ఆవిడ కొడుకు ఏసుపాదం అరుగు మీద లేడు."