ఓడినోళ్లదే వంట

మొగులు పట్టి ఉన్నది ఆ పొద్దున. చినుకు మాత్రం రాలలేదు.

యూనివర్సిటీలో కానుగ చెట్టు కింది బెంచీ మీద వాసంతి కాగితాలు చదువుతున్నది. పక్కన భర్త వెంకటనర్సయ్య, ఒళ్లో గొడుగు పెట్టుకొని, కాలు ఊపుకుంట వింటున్నడు.

అంబర్‌పేట్‌లో లెక్కల టీచరుగా రిటైరయినంక ఆమె డిటెక్టివ్ నవలలు రాయడం మొదలుపెట్టింది.

ప్రతి నవలా అచ్చుకు పోకముందు ఈ బెంచీ మీదికి వస్తది. ఆఖరి అధ్యాయం దాచి, మిగిలింది చదువుతది. హంతకుడు ఎవరో అతను చెప్పాలె. తప్పితే ఆ పూట వంట అతనిదే.

మొట్టమొదటి నవలకు అతను ఠక్కున చెప్పిండు.

"పోస్ట్‌మాస్టరే. వానల వచ్చిన అంటడు, గొడుగు చూస్తే పొడిగున్నది."

ఆమె ఆ కాగితాలన్నీ చింపేసింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత అతను ఎన్నడూ గెలవలేదు.

మొన్న ఎండాకాలం పక్క ఫ్లాటు హెలెన్ వాసంతిని మెట్ల మీద ఆపింది.

"మీ ఆయనది బుర్రేనా అండీ! మా ఇంట్లో క్రైమ్ సినిమా సగం కూడా అవ్వలేదు, హంతకుడెవడో చెప్పేశారు. చివరికి చూస్తే వాడే!"

వాసంతి నవ్వింది. ఇంట్లోకి వచ్చి, అచ్చయిన తన నవలలన్నీ ముందేసుకున్నది.

సినిమాలో దొరికేటోడు తన నవలల్లో ఎందుకు దొరకడు?

ఆ చింపేసిన నవలనే మళ్లీ రాసింది. ఊరు మార్చింది. పేర్లు మార్చింది. పోస్ట్‌మాస్టరును కాంపౌండరు చేసింది.

పొడి గొడుగును మాత్రం అట్లనే ఉంచింది.

ఇప్పుడు చదువుకుంట ఆ పొడి గొడుగు ఉన్న చోటికి వచ్చింది. ఆపకుండనే అతని దిక్కు ఓరగా చూసింది.

ఊగుతున్న కాలు ఆగింది.

కాసేపటికి మళ్లీ ఊగింది.

చదవడం అయిపోయింది. "చెప్పు మరి. ఎవడు చంపిండు?"

వెంకటనర్సయ్య గడ్డం గోక్కున్నడు. మొగులు దిక్కు చూసిండు.

"తమ్ముడే. ఆస్తి కోసం."

"కాదు."

"మళ్ల తప్పేనా! నీతోని గెలుసుడు నాతోని కాదు టీచరమ్మా."

ఆమె కాగితాలు సంచిలో పెట్టింది. అతని ఒళ్లో ఉన్న గొడుగు దిక్కే చూసింది.

"ఏమైంది?" అన్నడు.

"ఏం లేదు. లే, వంట చెయ్యాలె నువ్వు."

తార్నాకకు నడిచి వచ్చిన్రు. వానకు ముందే ఇల్లు చేరిన్రు.

అతను అన్నం, పప్పు వండి ఇద్దరికీ వడ్డించిండు. ఎదురుగా కూర్చొని ఆమె మొహం చూసిండు.

పప్పులో ఉప్పు ఎక్కువ. అతను వండిన ప్రతిసారీ ఎక్కువే.

ఆమె ముద్ద కలుపుకొని తిన్నది. ఇంకో గరిటె వేసుకున్నది.