మూడు గీతల రొట్టె

పేటని రెండోసారి వరద ముంచి యాభై ఏళ్లు నిండిన సంవత్సరం అది. పేటలోని ఉమ్మడి పొయ్యి ముందు ఒకావిడ నిలబడి, బయటికి వస్తున్న రొట్టెల్ని వంగి వంగి చూస్తోంది.

ఆ పేటలో పిండి ఎవరింట్లో వాళ్లే కలుపుకొస్తారు. కాల్చేది మాత్రం మూగయ్య. మాటలు రాక కాదు, వాడడని ఆ పేరు. ఒకరి రొట్టె ఒకరికి పోకుండా పిండిముద్దమీద ఇంటికో గుర్తు. నేతవాళ్లది గళ్లు, పడవలవాళ్లది చేపతోక, రంగులద్దేవాళ్లది బొటనవేలి గుంట.

ఆవిడ పొద్దుటినుంచీ వీధంతా తిరిగింది. నేతవాళ్లింట్లో ఉల్లిపాయ రొట్టె, పడవలవాళ్లింట్లో చేప కూరిన రొట్టె తింది. ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారో, ఏం వండుకునేవాళ్లో అడిగి తెలుసుకుంది. చివర్న అందరినీ ఒకటే అడిగింది, మూడు గీతల గుర్తు ఏ ఇంటిదని. నేతాయన నూలు చిక్కు తీసుకుంటూ మూగయ్యని అడగమన్నాడు. పడవలవాళ్ల ముసలమ్మ ఇంకో ముక్క తినమంది.

ఆ సంగతి విని, పొయ్యి దగ్గర రొట్టె కోసం కూర్చున్న, కుట్టుపని చేసే అత్త నవ్వింది.

"ఈయన్ని అడగమన్నారా? ఈయన నోట్లోంచి మాట ఊడిపడాలంటే ముందు పొయ్యి చల్లారాలి."

ఆవిడ నవ్వలేదు. కిందటి నెల తల్లి పోయిందట. ఏ ఊరో, ఎవరివాళ్లో తల్లి ఎప్పుడూ చెప్పలేదట. చివరి రోజుల్లో మాత్రం ఈ పేట పేరు, మూడు గీతల రొట్టె, అవే తలుచుకుందట.

"మనం ఎవరివాళ్లమమ్మా అని మా అమ్మాయి అడుగుతోంది బాబాయ్. ఏం చెప్పను?"

"మీ అమ్మ ఈ పేట వదిలి ఎప్పుడెళ్లిపోయింది?"

"వరదకి ముందే. పదేళ్ల పిల్లప్పుడే మా ఊరొచ్చిందట."

మూగయ్య కాసేపు బూడిద గోకాడు. తర్వాత లేచి ఆవిణ్ణి పొయ్యి వెనక్కి తీసుకెళ్లాడు. పొయ్యి గోడకీ కాలవకీ మధ్య రెండు బారల ఖాళీ జాగా.

"ఇక్కడే ఉండేవాళ్లు మీవాళ్లు."

"ఇల్లేది?"

"వరదలో పోయింది తల్లీ."

"ఏం పని చేసేవాళ్లు?"

"ఏ పనైనా చేసేవాళ్లు. మంచివాళ్లు."

ఆవిడ గోడమీద చెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. ఆ జాగా అంతా అడుగులు వేసి కొలుచుకుంది. చిన్న ఇల్లే అనుకుని, కళ్లు తుడుచుకుంది.

"వచ్చే ఆదివారం మా అమ్మాయిని తీసుకొస్తాను. ఇంటింటికీ తిప్పుతాను. మావాళ్ల సంగతులు దాన్నే అడగమంటాను."

మూగయ్య తలూపాడు. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే మూగయ్య ఇంటింటికీ వెళ్లి బతిమాలాడు, మూడు గీతలు ఇల్లు లేనివాళ్లకిచ్చే రొట్టె గుర్తని ఆ పిల్లకి చెప్పొద్దని.